ఏడవని పిల్ల తల్లి

చంటిపిల్ల ఏడవకపోతే మా గల్లీలో అందరికీ ముచ్చటే. "ఎంత బుద్ధిమంతురాలమ్మా నీ బిడ్డ, ఇంట్ల ఉన్నదో లేదో గూడ తెలుస్తలేదు" అని పూజితను పొగిడిపోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. పాలు తాగే పిల్లకు బుద్ధేమిటి? ఆకలైతే గొంతు చించుకోవాలి, బట్ట తడిస్తే కాళ్ళు తన్నుకోవాలి, తల్లి కనపడకపోతే ఇల్లు పీకి పందిరెయ్యాలి. నేను ముగ్గురిని పెంచాను, ముగ్గురూ నన్ను ఒక్క ముద్ద ప్రశాంతంగా తిననివ్వలేదు. ఆ బాధ లేని తల్లిని చూసి అసూయ పడాల్సింది పోయి నాకు భయం పట్టుకుంది.

నా పేరు అరుణాదేవి. చేవెళ్లలో మాది కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక మేము, వాకిలికి అవతలి పక్క రెండు గదులు కిరాయికి. ఆ గదుల్లోకి మూడేళ్ళ కింద గోవర్ధన్ అనే పిల్లవాడు కొత్త పెళ్ళాన్ని తీసుకుని దిగాడు. కూరగాయల బండి నడుపుతాడు. చుట్టుపక్కల ఊళ్ళలో టమాటా, సొరకాయ ఎత్తుకుని సిటీ మార్కెట్లో దించి మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. మంచివాడు, కొంచెం వాగుడుకాయ. ఆ పెళ్ళామే పూజిత.

కిరాయికి వచ్చేవాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు. ఒకరు టీవీ పెద్దగా పెడతారు, ఒకరు వాకిట్లో నిలబడి ఫోన్లో కొట్లాడతారు. ఈ పిల్ల మాత్రం గిన్నెలు తోమినా చప్పుడు రాదు. తలుపు వేసేటప్పుడు గొళ్ళెం కింద వేలు అడ్డం పెడుతుంది. నవ్వొస్తే చున్నీ నోట్లో కుక్కుకుంటుంది. తుమ్మొస్తే ముక్కు పట్టుకుని మింగేస్తుంది. వెనక వచ్చి నిలబడినా తెలియదు, తిరిగి చూస్తే గుండె జల్లుమనేది. "కాళ్ళకు పట్టీలన్న పెట్టుకోవే, నువ్వొస్తున్నట్టు జర తెలుస్తది" అన్నాను ఒకసారి విసుగ్గా. "పట్టీలు చప్పుడు చేస్తయి కద అరుణమ్మా" అంది, అదేదో తప్పు పని అన్నట్టు.

చప్పుడంటే దానికి ఈ భయం ఎక్కడిదో తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. దుకాణానికి చింతపండు వచ్చినప్పుడు గింజలు తీయడానికి నా పక్కన కూర్చునేది. అడిగితే ఏమీ చెప్పదు. అడగకుండా ఊరుకుంటే గింజతోపాటు ఒక ముక్క బయటపడేది. అట్లా ముక్కలు ముక్కలుగా విన్నదే ఇప్పుడు నేను ఒక వరసలో పెట్టి చెబుతున్నాను.

వాళ్ళ నాయన బిక్షంది ముడిమ్యాల. అన్నదమ్ముల పంపకాల్లో పొలం చేతికి రాకపోతే, పెళ్ళాం ఎంకమ్మనూ పురిటిగుడ్డునూ వెంటబెట్టుకుని చిన్న మంగళారం దగ్గర ఒక ఫాంహౌస్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. ఆ పురిటిగుడ్డే పూజిత. లోపల మామిడితోట, పచ్చిక, ఈత కొలను. గేటు పక్కన ఒక రేకుల గది, అది వీళ్ళకు. ఓనరు కిషన్‌రావుకు సరిగ్గా ఆ ఏడే కూతురు పుట్టింది. పేరు నవ్యశ్రీ. ఆ పిల్లకు సిటీ గాలి పడటం లేదని తల్లినీ బిడ్డనూ మొదటి ఏడాదంతా ఫాంహౌస్‌లోనే ఉంచారు. నవ్యశ్రీని ఎత్తుకోవడం, నీళ్ళు పోయడం, జోకొట్టడం అంతా ఎంకమ్మ పనే. తన బిడ్డ గేటు పక్కన గదిలో పడి ఉండేది. తన బిడ్డ ఏడిస్తే ఆ బిడ్డ నిద్ర లేస్తుందని తలుపు దగ్గరికి వేసేది. ఇంటినిండా చుట్టాలున్న రోజు వేలితో రెండు చుక్కల కల్లు నాలుకకు రాసి పడుకోబెట్టేదట.

పిల్లలు పెద్దయినా పద్ధతి మారలేదు. కిషన్‌రావు కుటుంబం సిటీకి వెళ్ళిపోయింది గానీ శని, ఆదివారాలు కార్లు వచ్చేవి. గేటు దగ్గర హారన్ మోగగానే పూజిత గదిలోకి దూరేది, బయట గొళ్ళెం పడేది. వాచ్‌మన్ పిల్ల పచ్చిక మీద కనపడకూడదు, గొంతు వినపడకూడదు. కిషన్‌రావు ఎన్నడూ తిట్టిన పాపాన పోలేదట. "బిక్షం, పిల్ల ఏదో ఏడుస్తున్నట్టుంది చూడు" అనేవాడట, అంతే. ఆ ఒక్క మాటకు మొగుడూ పెళ్ళాలు వారం రోజులు బిక్కచచ్చిపోయేవాళ్ళు. పెద్దమనుషుల మర్యాద ఇట్లాగే ఉంటుంది, దెబ్బ కనపడదు.

"కిటికీకి సందు ఉండె అరుణమ్మా" అని చెప్పింది పూజిత ఒకరోజు. "సందులకెళ్ళి చూసేదాన్ని. మా అమ్మ పాపను సంకలేసుకుని, నవ్వుకుంట, చెట్లు చూపిచ్చుకుంట ముద్దలు పెట్టేది. మా అమ్మకు నవ్వు వస్తదని నాకు గక్కడ్నే తెలిసింది."

ఈ మాట చెప్పేటప్పుడు దాని ముఖంలో బాధ ఉందా అని చూశాను. లేదు. పైగా కొంచెం గర్వం. "నేను ఎన్నడు ఏడ్వలే. సార్ గూడ మా బాపుతోని అనేటోడు, నీ బిడ్డ మస్తు మంచిది బిక్షం అని." ఆ కిషన్‌రావు ముఖం నేను చూడలేదు గానీ ఆ రోజు చింతపండు బుట్ట ముందు కూర్చుని వాడిని మనసులో అనని మాట లేదు.

పూజితకు నెలలు నిండుతుంటే నేనే చెప్పాను. "కాన్పు ఇక్కడనే చేసుకో, దవాఖాన దగ్గర్నే ఉన్నది, నేను చూసుకుంట." ఎవరు వింటారు? తొలి కాన్పు తల్లిగారు చెయ్యాలని గోవర్ధన్ తల్లి పట్టు పట్టింది. అంతకు రెట్టింపు పట్టు ఎంకమ్మది. "తొలుసూరు కాన్పు తల్లిగారు చెయ్యకపోతె మేము సచ్చినమనుకోరా నలుగురు" అని ఫోన్లో ఏడ్చిందట. తల్లిగారిల్లు అన్నప్పుడు తల్లికి ఒక ఇల్లుండాలి కదా. ఆమెకున్నది కిషన్‌రావు గేటు పక్కన రేకుల గది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఆచారం పాటించామా లేదా అన్నదే అందరికీ కావాలి, ఎక్కడ పాటిస్తున్నామో ఎవరికీ పట్టదు. దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా అటునుంచి అటే చిన్న మంగళారం పోయి, ఐదో నెల వచ్చాక గానీ తిరిగి రాలేదు.

ఎంకమ్మ ఏమీ తక్కువ చేయలేదు. బాలెంతకు పథ్యం వండిపెట్టింది, పిల్లకు నూనె రాసి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది. కానీ శనివారం వస్తే మాత్రం బాలెంతనూ బిడ్డనూ తోట వెనక మోటారు గదికి పంపేది. మోటారు నడుస్తుంటే పిల్ల ఏడుపు బయటికి వినపడదని ఆమె లెక్క. మోటారు ఆగినప్పుడు పూజిత పిల్ల నోటి మీద అరచెయ్యి పెట్టేది.

"గట్టిగ కాదు అరుణమ్మా, ఊపిరి ఆడేటట్టే పెట్టేదాన్ని" అని నాకు నచ్చచెప్పింది. "కొన్నొద్దులకు చెయ్యి పెట్టుడు గూడ అవసరం లేకపాయె. నా చెయ్యి అటు పోంగనే ఊకునేది. మా అమ్మ అన్నది, నీ తీరే తెలివైంది, జల్ది నేర్సుకున్నది అని."

నేను చేతిలో గింజలు అక్కడే పడేసి లేచి దుకాణంలోకి వెళ్ళిపోయాను. ఇంకాసేపు అక్కడుంటే ఆ పిల్ల చెంప పగలగొట్టేదాన్నేమో. లేదంటే దాన్ని పట్టుకుని ఏడ్చేదాన్నేమో.

పిల్లకు అక్షిత అని పేరు పెట్టారు. ఎర్రగా బొద్దుగా చూడముచ్చటగా ఉండేది. పూజిత వేళకు పాలిచ్చేది, వేళకు స్నానం చేయించేది, ఉతికిన బట్ట తప్ప తొడిగేది కాదు. వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. కానీ పని చేసినంతసేపూ పెదవి విప్పేది కాదు. పిల్లను ఒళ్ళో పెట్టుకుంటే ముఖం అవతలికి ఉండేటట్టు పెట్టుకునేది. పాలిస్తూ కూడా చూపు వాకిలి తలుపు మీదే. పిల్లా అంతే. దుకాణంలో నా దగ్గర వదిలి తల్లి వెళ్ళిపోతుంటే తల తిప్పి చూడదు, తిరిగి వస్తే చేతులు చాచదు. సామాను కొనడానికి వచ్చినవాళ్ళు ఎవరు ఎత్తుకున్నా సరే, బియ్యం మూటలా ఆ భుజం మీదికి మారిపోయేది.

ఎప్పుడైనా పొరపాటున కీచుమంటే పూజిత రంగు మారిపోయేది. కోపం కాదది, భయం. చేతిలో పని ఆగిపోతుంది, కళ్ళు తలుపు వైపు పోతాయి, ఆ తర్వాత గానీ పిల్ల వైపు రావు. వచ్చాక చెయ్యి నోటి మీదికి పోతుంది.

"ఏడిస్తే ఎత్తుకోవే! నోరెందుకు మూస్తవు? ఇక్కడ ఎవ్వడున్నడు నిన్ను వెళ్ళగొట్టెటోడు? ఈ ఇల్లు నాది, నీ బిడ్డ ఏడిస్తే నాకేం ఫికర్ లేదు!" అని అరిచాను.

"ఎత్తుకుంటె అలవాటైతది అరుణమ్మా."

"తల్లికి బిడ్డ అలవాటు కాకపోతే ఇంకెవరికి అలవాటైతదే?"

పూజిత తల వంచుకుని నిలబడింది. దాన్ని అట్లా చూస్తే తిట్టబుద్ధి కాదు, తిట్టకుండా ఉండబుద్ధి కాదు.

అక్షితకు తొమ్మిదో నెల నడుస్తుండగా ఒకరోజు దుకాణానికి బెల్లం వచ్చింది. దిమ్మలు వాకిట్లో దించి, లోపల చోటు చేయడానికి మా ఆయన సందూకులు సర్దుతున్నాడు. పూజిత పిల్లను నీడన బొంత మీద పడుకోబెట్టి, నల్లా దగ్గర బట్టలు ఉతుకుతోంది. అక్కడికి కూతవేటు కూడా లేదు, పిల్ల చిన్నగా మూలిగినా వినపడుతుంది. నేను బెల్లం మీద గోనెసంచి కప్పుదామని బయటికి వచ్చాను.

బొంత మీద ఎర్రచీమలు. బెల్లం దిమ్మల కింద నుంచి వరసకట్టి పిల్ల మీదికి పాకుతున్నాయి. కాళ్ళ మీద, గౌను లోపల, మెడ కింద మడతల్లో, కనురెప్ప మీద కూడా. పిల్ల మెలకువగానే ఉంది. ఒళ్ళంతా మెలికలు తిరుగుతోంది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా చెవుల్లోకి కారుతున్నాయి. నోరు పెద్దగా తెరుచుకుని ఉంది. ఆ నోట్లోంచి చప్పుడు రావడం లేదు.

నేను పెట్టిన కేకకు పూజిత సబ్బు చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఆ తర్వాత జరిగింది నేను చచ్చేదాకా మరిచిపోను. బిడ్డ మీద చీమలు చూసింది, నీళ్ళు కారుతున్న కళ్ళు చూసింది, వంగి ముందుగా ఏం చేసిందో తెలుసా? బిడ్డ నోటి మీద చెయ్యి పెట్టింది. ఏడుపే లేని నోటి మీద! ఆ చెయ్యిని నేనే పక్కకు కొట్టి, గౌను చింపి, పిల్లను నల్లా కింద పెట్టాను. పూజిత తన చేతి వైపే చూస్తూ నిలబడిపోయింది.

దవాఖానలో డాక్టరమ్మ మందు రాసి, సూది వేసి, ఒళ్ళంతా లేచిన దద్దుర్లు చూసి అడిగింది, "ఇన్ని కుట్టేదాకా ఏం చేస్తున్నారు? ఏడవలేదా?"

"ఏడ్వలే మేడం" అంది పూజిత.

"ఎప్పుడూ ఏడవదా?"

"ఏడ్వదు. మంచిది."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. పిల్ల ముందు చప్పట్లు కొట్టింది, పేరు పెట్టి పిలిచింది, పూజితను లేచి దూరంగా వెళ్ళమంది, మళ్ళీ రమ్మంది. పిల్లలో చలనం లేదు. "చెవులు బాగున్నాయి, గొంతు బాగుంది. ఏడిస్తే ఎవరూ రారని ఈ పిల్లకు అర్థమైపోయిందమ్మా. వస్తారని మళ్ళీ నువ్వే నేర్పాలి" అంది. తర్వాత మెల్లగా, "నీ చిన్నప్పుడు నువ్వు ఏడిస్తే ఎవరు ఎత్తుకునేవాళ్ళు?" అని అడిగింది.

పూజిత నా వైపు చూసింది, నేల వైపు చూసింది. "బిడ్డ ఏడిస్తే నాకు చేతులు వణుకుతయి మేడం. నా పానమంత గేటు దిక్కు పోతది" అంది. గేటు ఏమిటో డాక్టరమ్మకు అర్థం కాలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే చిన్న మంగళారం పోదామని తనే అంది. "ఇయాల సార్లుంటరు కదనే" అన్నాడు గోవర్ధన్ భయంగా. "ఉండనీ" అంది. పెళ్ళయినప్పటి నుంచి ఆ పిల్ల నోట నేను విన్న మొదటి గట్టి మాట అదే. నేను మా ఆయనకు దుకాణం అప్పజెప్పి నేనూ వస్తానని బండెక్కి కూర్చున్నాను. ఎంకమ్మను నాలుగు కడిగేద్దామని దారిపొడుగునా మాటలు పేర్చుకున్నాను.

గేటు తీసింది బిక్షం. కూతుర్ని చూసి వాడి ముఖం పాలిపోయింది. "ఇయాల ఎందుకొచ్చినవ్ బిడ్డా, పాప దోస్తులొచ్చిండ్రు" అన్నాడు. నవ్యశ్రీ దొంతన్‌పల్లి యూనివర్సిటీలో చదువుతోందట, స్నేహితురాళ్ళను తీసుకుని వచ్చింది. మామిడిచెట్టు కింద బల్ల వేసి, వాళ్ళకు ఎంకమ్మ వేడివేడిగా గారెలు వడ్డిస్తోంది. ఆ ఎంకమ్మ ముఖం ఎంత వెలుగుతోందో! మా ఇంటికి వచ్చినప్పుడు చూసిన మనిషి కాదు.

నవ్యశ్రీ చెడ్డ పిల్ల కాదు, ఆ మాట చెప్పాలి. పూజితను చూడగానే లేచి వచ్చింది. "హాయ్ పూజితా, నీ పాపా? సో క్యూట్!" అని అక్షిత బుగ్గ పుణికింది. నాకు నమస్కారం పెట్టి, "నన్ను పెంచింది ఎంకమ్మే ఆంటీ. మా మమ్మీ కన్నా నా గురించి ఎంకమ్మకే ఎక్కువ తెలుసు" అంది. ఎంకమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసి స్నేహితురాళ్ళ వైపు తిరిగింది. "చూడండి కావాలంటే. ఎంకమ్మా, నాకు ఫస్ట్ పన్ను ఎప్పుడొచ్చింది?"

"ఏడో నెల పడంగనే, కింది పన్ను" అంది ఎంకమ్మ తడుముకోకుండా. "జరం గూడ వచ్చె. ఆ జరం తగ్గేదాక నా బుజం దిగలేదు మా పాప. దించుదమంటె నా జాకిట్టు పట్టుకుని గుంజుడు!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగాక పూజిత అడిగింది.

"నాకెప్పుడొచ్చింది అమ్మా?"

"ఏంది?"

"పన్ను."

ఎంకమ్మ చేతిలో గారెల గిన్నె అట్లాగే ఉండిపోయింది. "నీకా? వచ్చినయ్ లే ఎప్పుడో. నీకు ఏం తక్లీఫ్ కాలే" అని వంటింటి వైపు నడిచింది. పూజిత వెంట పోయింది. నేనూ పోయాను.

"నేను చిన్నప్పుడు ఏడ్చేదాన్నా?" అంది పూజిత పొయ్యి పక్కన నిలబడి.

"మస్తు ఏడ్చేదానివి. శురువుల మస్తు. ఇగ నీ అంతట నువ్వే బందు పెట్టినవ్."

"నువ్వెప్పుడన్న ఎత్తుకున్నవా?"

ఎంకమ్మ నూనెలో తేలుతున్న గారెను అటు తిప్పింది, ఇటు తిప్పింది. తర్వాత మాట బయటికొచ్చింది. "ఎత్తుకుంటె అలవాటైతవని ఎత్తుకోలే. అలవాటైతె నన్ను పాప దగ్గరికి పోనియ్యవు. పాప దగ్గరికి పోకపోతె మాకు గీ గది ఉండదు. నిన్ను ఏ చెట్టు కింద పండబెట్టాలె నేను? నన్ను మా అవ్వ కయ్య గట్టు మీద పండబెట్టి నాట్లేసింది. నేను నీ మీద కప్పు ఉంచిన. గంతే నాకు చాతనైంది." కొంగుతో ముఖం తుడుచుకుని, "నెమ్మదిగ మాట్లాడు, బయట పాప ఉన్నది" అంది.

నేను దారిపొడుగునా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఎవరిని తిట్టాలో తెలియని కోపం కంటే చేదైనది ఇంకోటి లేదు. పూజిత, తల్లి మూటగట్టి ఇచ్చిన గారెలు పొయ్యి గట్టు మీదే వదిలేసి వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బండి మొయినాబాద్ దాటాక నోరు విప్పింది. "నాకింకేం వద్దు అరుణమ్మా. నా బిడ్డ నా దగ్గర ఏడ్వాలె. నన్ను పట్టుకుని ఏడ్వాలె."

ఆ రోజు నుంచి దాని యుద్ధం మొదలైంది. గిన్నెలు కావాలని చప్పుడు చేస్తూ తోమేది. వాకిట్లో నిలబడి "అక్షితా!" అని గట్టిగా పిలిచేది. అలవాటు లేని గొంతు మధ్యలో పగిలిపోయేది, మళ్ళీ పిలిచేది. పిల్ల కదిలితే చాలు, పని వదిలి పరుగెత్తేది. నా దగ్గర జోలపాటలు నేర్చుకుంది. రాగం రాదు, అయినా పాడేది. పిల్ల ముఖం తన వైపు తిప్పుకుని, మా దుకాణం సంగతుల నుంచి గోవర్ధన్ బండి టైరు దాకా అన్నీ చెప్పేది. పాపం, మాటలు అయిపోతే చెప్పిందే చెప్పేది.

ఫలితం లేకపోలేదు. కొన్ని నెలలకు అక్షిత నా దగ్గర నసగడం మొదలుపెట్టింది. నేను చెప్పలేనంత సంబరపడ్డాను. తర్వాత గోవర్ధన్ బండి తాళాలు తీస్తే పెదవి విరిచేది, వాడు వాకిలి దాటితే రాగం అందుకునేది. వాడు వెనక్కి వచ్చి ఎత్తుకుంటే వాడి మెడ పట్టుకుని మరీ ఏడ్చేది. గల్లీవాళ్ళు "పిల్లకు దిష్టి తగిలింది, అంత మంచి పిల్ల ఏడుపుగొట్టు అయింది" అన్నారు. నేను వాళ్ళను లెక్కచేయలేదు.

కానీ తల్లి దగ్గర మాత్రం కిక్కురుమనేది కాదు. ఏడుస్తూ ఏడుస్తూ ఉన్నప్పుడు కూడా పూజిత తన దగ్గరికి వస్తుంటే పెదవులు బిగించేది. ఆ చేతులంటే పిల్లకు అర్థం ఒక్కటే అని పూజితకు తెలిసిపోయింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని పిల్ల ముందు కూర్చునేది. "ఇగో, నా చేతులు లెవ్వు, చూడు. ఏడువు బిడ్డా, ఏం అనను" అని బతిమాలేది. పిల్ల కళ్ళార్పకుండా తల్లినే చూసేది. చూసి చూసి నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని. బిడ్డను ఏడవొద్దని బతిమాలిన తల్లుల్ని చూశాను గానీ, ఏడవమని బతిమాలిన తల్లిని చూడటం నాకదే మొదలు.

ఏడాదిన్నర టీకాకు మొన్న ముగ్గురం కలిసి వెళ్ళాం. వరసలో తల్లులు, పిల్లలు, ఒకటే గోల. పూజిత ధైర్యం చాలక పిల్లను నాకిచ్చి పక్కన నిలబడింది. నర్సు మేరీ తొడ మీద సూది గుచ్చింది. అక్షిత ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత దవాఖాన అదిరిపోయేటట్టు ఏడుపు అందుకుంది. గొంతు నిండా, ఒళ్ళంతా ఎర్రబడేటట్టు, నా కొంగు లాగుతూ. పూజిత నవ్వేసింది. చున్నీ అడ్డం పెట్టుకోకుండా, పైకి, చప్పుడుతో. "ఏడుస్తున్నది అరుణమ్మా! చూడుండ్రి, ఎంత గనం ఏడుస్తున్నది!" అని ఆత్రంగా చేతులు చాచి పిల్లను నా దగ్గర నుంచి అందుకుంది.

చెయ్యి తగలగానే ఏడుపు టక్కున ఆగిపోయింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఛాతీ ఎగసిపడుతూనే ఉంది, పెదవులు మాత్రం బిగుసుకుపోయాయి.

"చూసిండ్రా, అమ్మ చేతులకు పోంగనే ఎట్ల ఊకున్నదో!" అంది మేరీ మెచ్చుకోలుగా, దూది పారేస్తూ. "ఎవరెంత ఎత్తుకున్నా తల్లి తల్లే." వరసలో ఉన్న ఆడవాళ్ళు అవునవునన్నారు. ఒకామె తన చేతిలో గుక్కపెట్టి ఏడుస్తున్న పిల్లాడికి అక్షితను చూపించి, "చూడురా అక్కను" అంది.

పూజిత వాళ్ళెవరి వైపూ చూడలేదు. పిల్లను తెచ్చి మళ్ళీ నా చేతుల్లో పెట్టింది. నా భుజానికి తల ఆనగానే అక్షిత ఆపిన చోటి నుంచే గొంతెత్తింది.

"ఊకోబెట్టకుండ్రి అరుణమ్మా" అంది. "మీ దగ్గర్నన్న ఏడ్వనీయుండ్రి." అని నాలుగడుగులు వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని, తన బిడ్డ ఏడుపు వింటూ నిలబడింది.